అరుదైనదాని రుచి

భోజనపదార్థములలో కొన్ని ఆకలిని తీర్చుటకును, కొన్ని నాలుకను తనియించుటకును ఉపయోగపడుచున్నవి. ఈ రెండింటిలోను పూర్తిగా చేరని మూడవ తెగ యొకటి కలదు. ఇతరులకు దొరకనిది తనకు దొరకినదను తృప్తిని కలిగించుటయే ఆ తెగ పదార్థముల ముఖ్యప్రయోజనము. అందు నేడు లోకమున శిరోమణిగా నెన్నబడుచున్నది కేవియరు. మన చదువరులలో దీనిని రుచి చూచినవారు మిక్కిలి కొలదిమంది యుందురు. పేరు విన్నవారు మాత్రము పెక్కండ్రు. తినకయే పేరెరిగియుండుట యనునది ఈ పదార్థముయొక్క స్వభావమును కొంత తెలుపుచున్నది. బియ్యపు కీర్తి తిన్నవారివలన వ్యాపించినది. కేవియరు కీర్తి తిననివారివలన వ్యాపించినది.

ఒక వస్తువు అరుదగుటచేతనే దానిని కోరుట తగునా? ఆ కోరిక తాను కోరిన వస్తువునే రూపుమాపుచున్నప్పుడు, వెల యిచ్చి కొన్నాను గనుక నాయందు దోషము లేదని కొన్నవాడు చెప్పుకొనవచ్చునా? ఈ ప్రశ్నను విచారింపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఉదాహరణము దూరదేశపుది; ప్రశ్న మాత్రము మన యింటిది కూడ. దూరమున నున్నదానిని రాగద్వేషములు లేక చూడగలము గనుక అక్కడనే మొదలిడెదము.

కేవియరనగా స్టర్జను అను జాతి చేపల గ్రుడ్లను కొలదిపాటి ఉప్పుతో నిలువచేసినది. మన గోదావరీతీరమున చేప జన యని పిలుచుకొనునదియు, ఇదియు వస్తుతః ఒక్కటియే. చేప మాత్రము వేరు. స్టర్జనులు భూగోళముయొక్క ఉత్తరార్ధమున మాత్రమే యుండును. వీనికి గట్టి యెముకకంటె మృదులాస్థి యెక్కువ. దేహముపొడవునను అయిదు వరుసల యెముకపలకలు కవచమువలె నుండును. వీని పూర్వజాతులు సుమారు 20 కోట్ల సంవత్సరములనుండి భూమిమీద నున్నవని శాస్త్రజ్ఞులు శిలావశేషములవలన నిర్ణయించిరి. రాక్షసిబల్లులను తుదముట్టించిన ప్రళయమును ఈ జాతి దాటి వచ్చినది.

వీనిలో పెక్కు సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదులకెదురీది పోవును. కాస్పియను సముద్రమును, అందు పడు వోల్గానదియు వీనికి చిరకాలమునుండి ముఖ్యస్థానములు. అచ్చటి మూడు జాతులవలననే కేవియరునకు మూడు ప్రసిద్ధనామములు వచ్చినవి: బెలూగా, ఒసెత్రా, సెవ్రూగా. వీనిలో బెలూగా మిక్కిలి పెద్దది. వెయ్యి కిలోగ్రాములకు మించిన బెలూగాలను పూర్వము పట్టియున్నారు. నూరేండ్లు బ్రదుకగల చేప యది. ఆడుచేప తొలిసారి గ్రుడ్లు పెట్టవలెనన్నచో 15 మొదలు 20 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, గడువవలెను. అటుపిమ్మటనైనను అది యేటేట గ్రుడ్లు పెట్టదు. నడుమ కొన్ని యేండ్లు విరామముండును. చదువరులు ఈ కాలపరిమాణమును మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. ఈ వ్యాసమున చెప్పబోవు విషయమంతయు దానిమీదనే నిలిచియున్నది.

కేవియరును సిద్ధపరచు పద్ధతి సులభమైనదే. కాని చేతినేర్పు కావలెను. ఆడుచేప కడుపుకోసి గ్రుడ్లసంచిని చెదరకుండ తీసి, జల్లెడమీద మెల్లగా రాచి, పొరనుండి గింజలను వేరుచేయుదురు. చల్లని నీట కడిగి, నీరోడ్చి, నూటికి మూడు మొదలు అయిదు పాళ్ల యుప్పు కలిపి డబ్బాలలో నింపుదురు. తక్కువ యుప్పు వేసినదానికి రష్యను భాషలో మలసోలు అని పేరు; ఆ మాటకు కొంచెపుటుప్పుది యనియే యర్థము. దీనిని మంచునకు దగ్గరగా నుండు చలువలో కాపాడవలెను. వెండిచెంచా తగిలినచో రుచి చెడునని ముత్యపుచిప్పతోనో కొమ్ముతోనో చేసిన చెంచాతో తిందురు. గింజ నాలుకకును అంగిటికిని నడుమ చిట్లినప్పుడు వెన్నవంటి జిడ్డును, సముద్రపుగాలివంటి యుప్పుదనమును తోచునని రుచియెరిగినవారు చెప్పుచున్నారు. ఆ రుచి లేదని మేము వాదింపబోము. ఆ రుచి కింత వెల యెట్లు వచ్చినదనునదే మా విచారణ.

పూర్వకాలమున ఈ పదార్థమునకు ఇంతటి గౌరవము అంతట లేదు. ఇంగ్లండున 14వ శతాబ్దమునుండి స్టర్జను రాజచేపగా నెంచబడి, పట్టిన చేప రాజునకు చెందునను విధి యుండెను. గౌరవము చేపకే గాని గ్రుడ్లకు కాదు. షేక్‌స్పియరు తన హామ్లెట్ నాటకమున, సామాన్యజనమునకు రుచింపని యొక నాటకమునకు కేవియరును ఉపమానముగా చెప్పించెను. రష్యాదేశమున నన్ననో, నదీతీరవాసులకు ఇది యింటి తిండి. అచ్చటి క్రైస్తవమఠసంప్రదాయమున ఉపవాసదినములు పెక్కు. మాంసము నిషిద్ధము, పెక్కు దినములందు చేపయు నిషిద్ధము. లాజరు శనివారమను పర్వదినమున మాత్రము చేపగ్రుడ్లు తినుటకు ప్రత్యేకముగా అనుజ్ఞ కలదు. నేడు భోగమునకు గుర్తుగానున్నది నాడు ఉపవాసపు పళ్లెరమున చేరియుండెను.

అమెరికా వృత్తాంతము ఇంతకంటె స్పష్టమైనది. 19వ శతాబ్దమున అచ్చటి హడ్సను, డెలవేరు నదులలో స్టర్జనులు లెక్కకు మించి యుండెను. ఆ మాంసము ఎంత చవుక యనగా, హడ్సను తీరమున దానిని ఆల్బనీ ఊరి గొడ్డుమాంసమని పరిహాసముగా పిలిచెడివారు. 1873 ప్రాంతమున హెన్రీ షాక్ట్ అను జర్మను వలసదారుడు డెలవేరు తీరమున కేవియరు వ్యాపారమును స్థాపించెను. కొలది కాలములోనే ఆ తీరమునుండి పీపాలకొలది సరకు ఐరోపాకు పోసాగెను. న్యూజెర్సీలో ఒక రేవునకు కేవియరు అనియే పేరు కలిగెను. ఆ దినములలో పానశాలలయందు కేవియరును ఉచితముగ నుంచెడివారని చెప్పుదురు. దాని యుప్పుదనమునకు దాహము పుట్టి, వచ్చినవారు మరియొక గ్లాసు మద్యము కొందురని వర్తకుని యెత్తు. ఐరోపాకు పోయిన యమెరికా సరకులో కొంత రష్యాపేరు తగిలించుకొని తిరిగి యమెరికాకే వచ్చి హెచ్చువెలకు అమ్ముడుపోయెను. నదులు మాత్రము ఆ వేగమును ఓర్వలేదు. 1900 దాటిన కొన్నియేండ్లకే డెలవేరు స్టర్జనులు దాదాపు అంతరించెను. చేప పోయినపిమ్మట గ్రుడ్డునకు గౌరవము వచ్చెను.

ఈ వృత్తాంతమున మనము గమనింపవలసినది యొకటి కలదు. పానశాలలో ఉచితముగా తిన్నవాని నాలుకయు, తరువాత బంగారమువలె తూచి కొన్నవాని నాలుకయు ఒక్కవిధమైనవే. గ్రుడ్డులోని జిడ్డు పెరుగలేదు, ఉప్పు మారలేదు. మారినది సంఖ్య యొక్కటియే. రష్యా విప్లవానంతరము, 1920లో, పెట్రోసియను సోదరులు పారిస్ నగరమున కేవియరు అంగడి తెరచినప్పుడు, మొదట తిన్న నాగరికులకు అది రుచింపక ఉమ్మివేయవలసివచ్చెనని యొక కథ చెప్పుకొందురు. కథ యెంతవరకు నిజమైనను, అందలి భావము నిజము. ఈ రుచి నేర్చుకొన్న రుచి. ఎవరిని చూచి నేర్చుకొంటిమనునదే ప్రశ్న.

అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు తోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పెను. ధనికవర్గము వ్యయముచేయుట తరచుగ వస్తువుకొరకు గాక, వ్యయము చేయగలిగితిమని ఇతరులు చూచుటకొరకనియు, అట్టి వస్తువునకు వెల తగ్గినచో ఆదరమును తగ్గుననియు ఆయన వాదించెను. సామాన్యవస్తువులవిషయమున వెల యొక రక్షకుడు. వంకాయ వెల పెరిగినచో మనము బీరకాయ కొందుము. వంకతోటకు విశ్రాంతి కలుగును. అరుదుతనమే ఆకర్షణమైన వస్తువునకు ఆ రక్షకుడు లేడు. చేప తరిగినకొలది వెల పెరుగును. వెల పెరిగినకొలది గౌరవము పెరుగును. గౌరవము పెరిగినకొలది వలలు పెరుగును. కడపటి చేప యన్నిటికంటె ప్రియమైన చేప యగును. కాపాడవలసిన వేళకు చంపుటకై వెల యిచ్చు మార్గమిది.

కాస్పియను సముద్రమున నిట్లే జరిగినది. అయినను న్యాయముగా చెప్పవలెనన్నచో దోషమంతయు తినువారిపై మోపరాదు. వోల్గానదిమీద వోల్గోగ్రాద్ వద్ద 1961లో పూర్తియైన విద్యుత్కేంద్రపు ఆనకట్ట బెలూగా గ్రుడ్లు పెట్టు స్థలములను దాదాపు పూర్తిగా మూసివేసెను. ఆ విద్యుత్తు దీపములను వెలిగించెను, కర్మాగారములను నడిపెను; దానిని విలాసమనుటకు వీలులేదు. నాటి సోవియటు ప్రభుత్వము ఆ నష్టమును పూరింపదలచి, చేపపిల్లలను పెంచి కోట్లకొలది నదిలో విడిపించుచు, పట్టువారిపై కట్టుబాటు నుంచెను. రసాయనశాస్త్రజ్ఞుడు నెస్మెయానోవు 1960 దశకమున కృత్రిమమైన నల్లకేవియరును కూడ చేయించెను. 1991లో ఆ రాజ్యము విచ్ఛిన్నమైనపిమ్మట కట్టుబాటు సడలెను. జీతములు లేని తీరవాసులకు దొంగవల జీవనాధారమాయెను. 1998 నుండి స్టర్జనుజాతు లన్నిటి వ్యాపారమును వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక నియమములలో చేర్చిరి. 2005లో అమెరికా కాస్పియను బెలూగా దిగుమతిని నిషేధించెను. 2022లో ప్రపంచ ప్రకృతిసంరక్షణసంఘము ప్రకటించిన పరిశీలనలో, మిగిలియున్న 26 జాతుల స్టర్జనులును, వాని దగ్గరిచుట్టములగు చేపలును అన్నియు అంతరించు ప్రమాదముననే యున్నవని తేలెను. యాంగ్ట్‌సీ నదిలోని స్టర్జనుజాతి యొకటి స్వేచ్ఛాస్థితిలో లేదనియు, అదే నదిలోని తెడ్డుముక్కు చేప పూర్తిగా నశించెననియు ఆ యేడే ప్రకటించిరి.

ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. అవసరము ఒక వస్తువులో సగము తీసికొన్నదనుకొందము. మిగిలిన సగముమీద విలాసమునకు హక్కు పెరుగునా, తరుగునా? పెక్కుమంది, ఆనకట్టయే చంపినదిగదా, నేను తిన్న చెంచాడు లెక్కలోనిదా యని యందురు. ఇల్లు తగులబడుచుండగా కిటికీతలుపు నూడదీసికొని పోవువాడును అట్లే యనును. అవసరము బలవంతముచేత తీసికొన్నపుడు విలాసము స్వచ్ఛందముగా చేయి వెనుకకు తీయవలెను. ఏలయనగా అవసరమునకు వేరుదారి కష్టము. విలాసమునకు వేరుదారి సులభము.

మతధర్మము ఈ విషయమును విచారించిన యుదాహరణము కూడ కలదు. ఇరాను దేశమున షియా ధర్మశాస్త్రమునుబట్టి పొలుసులు లేని చేప తినగూడదు. స్టర్జనునకు పొలుసులు లేవను అభిప్రాయముచేత అచ్చట దాని మాంసమును, గ్రుడ్లును చిరకాలము నిషిద్ధములుగా నెంచబడెను. 1983లో, నిపుణులు ఆ చేపను పరీక్షించి తోకదగ్గర ఒక తెగ పొలుసులున్నవని చెప్పగా, ఆయతుల్లా ఖొమేనీ దానిని తినవచ్చునని తీర్పు నిచ్చెను. శాస్త్రమును ప్రత్యక్షపరీక్షతో కలిపి నిర్ణయించిన యీ పద్ధతి ఆదరణీయమే. కాని, ఈ చేపకు పొలుసులున్నవా యను ప్రశ్నకు సమాధానము దొరకినమాత్రమున, ఈ చేప యింక మిగిలియున్నదా యను ప్రశ్నకు సమాధానము దొరకదు. మన యాచారములయందును ఇదే కొరత కనబడుచున్నది. ఏది తినవచ్చును, ఎవరు వండవచ్చును, ఎవరి ప్రక్కన కూర్చుండవచ్చును అని మనము వేయేండ్లు విచారించితిమి. మనము తిన్నపిమ్మట ఇతరులకు మిగులునా యను విచారణ మన పంక్తిలోనికి ఇంకను రాలేదు. శుచి యను మాటకు ఈ యర్థమును కూడ చేర్చవలసిన దినములు వచ్చినవి.

విలాసపక్షమున వాదించినవారు సామాన్యులు కారు. లండను నగరమున వైద్యుడుగానుండిన మాండవిల్ 1714లో తన తేనెటీగల కథాగ్రంథమున, ధనికుల దుర్వ్యయమే పేదలకు జీతమని వాదించెను. డేవిడ్ హ్యూము 1752లో విలాసమునుగూర్చి వ్రాసిన వ్యాసమున, భోగము స్వతస్సిద్ధముగా పాపము కాదనియు, తాను చేయవలసిన దానధర్మములను, కుటుంబపోషణమును మ్రింగివేసినప్పుడే అది దోషమగుననియు మితముగా చెప్పెను. మాండవిల్ వాదమునకు సమాధానము కాస్పియను తీరమే చెప్పుచున్నది. చేప కోయువానికి, ఉప్పు కలుపువానికి, డబ్బా మోయువానికి కూలి దొరకిన మాట నిజమే. కాని చేనేత గుడ్డ కొన్నప్పుడు మగ్గము మరునాడును ఆడును. కడపటి చేప కొన్నప్పుడు వల మరునాడు ఆరవేయబడును. కూలిని పుట్టించు వ్యయమొకటి, కూలియొక్క మూలమునే త్రవ్వివేయు వ్యయము మరియొకటి. రెండింటికిని ఒక్క పేరు పెట్టుటవలన ఈ భ్రాంతి కలిగినది.

హ్యూము పలుకులు మాకు సమ్మతములే. కాని వానికి కొంత చేర్చవలసియున్నది. ఆయన కాలమున ఒకని భోగము ఎవరిని బాధించుననిన, వాని భార్యాబిడ్డలను, ఆశ్రితులను, ఇరుగుపొరుగువారిని అని లెక్కించిరి. ఇంకను పుట్టనివారు లెక్కలో లేరు. ఇరువదియేండ్ల చేపను ఒక విందునకు కోసినప్పుడు మనము ఎవరి సొత్తు తింటిమో యోచింపుడు. ఆ చేపను మనము పెంచలేదు. మన తండ్రులు పెంచలేదు. నది పెంచినది. అది గ్రుడ్లు పెట్టి పోయియుండినచో మన మనుమల కాలమునకు వేరొక చేప యుండెడిది. వెల పుచ్చుకొన్నవాడు పల్లెకారి. వెల ముట్టవలసినవారిలో పెక్కండ్రు ఇంకను పుట్టలేదు. వెల యిచ్చి కొన్నానను సమాధానము ఇచ్చట చెల్లదనుటకు కారణమిదియే.

మన భారతకథలో యయాతి వృత్తాంతము అందరెరిగినదే. వార్ధక్యమున కూడ భోగేచ్ఛ తీరక, కుమారుడగు పూరునియొద్ద యౌవనమును తీసికొని చిరకాలము సుఖించెను. ఈ కథను మనము సాధారణముగా కోరికకు తుది లేదను నీతికొరకే చెప్పుకొందుము. ఇందు మరియొక నీతియు కలదు. యయాతి యనుభవించినది తన కాలము కాదు; కుమారుని కాలము. అయినను అతనికి రెండు గుణములుండెను. మొదటిది, అతడు అడిగి తీసికొనెను. రెండవది, తుదకు విసుగుపుట్టి తీసికొన్నదానిని తిరిగి యిచ్చెను. మనము అడుగుట లేదు; అడుగుటకు ఎదుట నిలుచువారు లేరు. తిరిగి యిచ్చుటకు మనకు శక్తియు లేదు. యౌవనమును మరల నిచ్చిన రాజు కథ మనకు కలదు గాని, నశించిన జాతిని మరల నిచ్చిన రాజు కథ ఏ పురాణమునను లేదు.

ఇంతమాత్రముచేత మేము నాలుకను శత్రువుగా చూడుడని బోధించుచున్నామని చదువరులు తలపవలదు. సంస్కర్తలలో కొందరు అందమైన దానినెల్ల అనర్థకమని నిందించుటవలన సంస్కరణమునకే చెడ్డపేరు తెచ్చిరి. మల్లెపూవు ఆకలి తీర్చదు. వీణ వరికుప్పను పెంచదు. అవి లేని యిల్లు ఇల్లేయైనను, బ్రదుకు కొంత యెండిపోవును. కాని మల్లెపూవు కోసినంతమాత్రమున తీగ చావదు. వీణను పదిమంది విన్నచో నాదము పదియవవంతునకు తరుగదు. ఇతరులు పంచుకొన్నకొలది పెరుగు సుఖము కలదు. ఇతరులకు లేకుండుటచేతనే నిలుచు సుఖమును కలదు. ఈ రెండింటికి నడుమ గీత గీయుటయే మా యుద్దేశము. మొదటిదానికి రుచియని పేరు. రెండవదానికి అధికారమని పేరు. అది నాలుకమీద కూర్చుండి రుచివేషము వేసికొన్నది.

అట్లయిన పెంపకపు చేపలమాట యేమని యొకరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. నేడు న్యాయమార్గమున విక్రయింపబడు కేవియరు దాదాపు అంతయు పెంపకపు చేపలదే. చైనాదేశము ఇందు అగ్రస్థానము వహించినది. అచ్చటి చెజియాంగ్ రాష్ట్రమున చియాన్‌దావో సరస్సులో పెంచు చేపల గ్రుడ్లు ఐరోపా, అమెరికాల గొప్ప హోటళ్లకు పోవుచున్నవి. ఇటలీ, ఫ్రాన్సు దేశములలోను పెంపకము కలదు. చేపను చంపకయే గ్రుడ్లు తీయు పద్ధతులను కూడ కొందరు అవలంబించుచున్నారు. డబ్బామీది గుర్తునుబట్టి చేపజాతి, దేశము, అడవిదో పెంపకపుదో యను వివరమును తెలిసికొనునట్లు అంతర్జాతీయనియమము ఏర్పడినది. పెంచినవాడు తాను పెంచినదానిని అమ్ముట వ్యవసాయమే. దానిని తినుటలో జాతినాశనమను దోషము లేదు. తక్కిన మాంసాహారమునుగూర్చి యెవరికి తోచిన విచారణ వారు చేసికొనవచ్చును.

కాని ఈ పెంపకమువలన మరియొక మేలు కలిగినది. రుచికిని అధికారమునకును గల భేదమును పరీక్షించుటకు ఇది ఒరగల్లు. కొలనులు పెరిగినకొలది సరకు పెరుగుచున్నది. సరకు పెరిగినకొలది వెల దిగవచ్చును. ఒకదినమున కేవియరు వేరుసెనగపప్పువలె బజారున దొరకునేని, నేడు దానిని పొగడువారిలో ఎందరు అప్పుడును పొగడుదురు? అప్పుడును ఇష్టముగా తినువానిది నిజమైన రుచి. అప్పుడు మొగము త్రిప్పుకొని మరియొక యరుదైనదానిని వెదకువానికి కేవియరు ఎన్నడును రుచింపలేదు. తనకు గల యంతరమే రుచించినది. అమెరికాసరకు నాడు రష్యాపేరు తగిలించుకొనవలసివచ్చిన కారణము కూడ ఇదియే. నాలుక నిజముగా తీర్పరియైనచో డబ్బామీది పేరుతో దానికి పనియేమి?

ఇక మన యింటికి వత్తము. బంగాళాఖాతమునుండి శ్రావణభాద్రపదముల వరదకాలమున గోదావరి కెదురీది వచ్చు పులసచేప, స్టర్జనువలెనే గ్రుడ్లు పెట్టుటకై నదికి వచ్చునది. సముద్రమున నున్నప్పుడు ఇలస. ఎఱ్ఱనీటిలో ఈదినపిమ్మట పులస. దాని రాకకును ఆనకట్ట అడ్డము కలదు. 1852లో కాటను దొర ధవళేశ్వరమువద్ద పూర్తిచేయించిన యానకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. దానిని నిందించు నోరు గోదావరిమండలమున లేదు, ఉండరాదు. అయినను వోల్గాతీరపు లెక్కయే ఇచ్చటను వర్తించుచున్నది. అవసరము తన భాగము తీసికొన్నది. మిగిలినదాని కొరకు వేలముపాట జరుగుచున్నది. చేప తరిగినకొలది పాట పెరిగి, ఇటీవలి సంవత్సరములలో ఒక్క చేపకు వేలకొలది రూపాయలు పలుకుచున్నవి. గ్రుడ్లతో నిండిన చేపకు ఆదరమెక్కువ. కొన్న మరుసటి దినమున ఆ వార్త చేపకంటె దూరము ఈదుచున్నది.

పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మనవారొక సామెత కట్టిరి. వినోదముగా చెప్పుకొనుమాట యని యెరుగుదుము. అయినను సామెతలు జాతి మనసునకు అద్దములు గనుక దీనిని కొంచెము నిలిచి చూతము. పుస్తెలు ఎవరి మెడలోనివి? ఆమె కట్టెలపొయ్యిచెంత రేయంతయు సన్నని సెగమీద ఆ పులుసును కాచును. మగవారు, అతిథులు తిని లేచినపిమ్మట తోకముక్కయు, ఆనుపులుసును ఆమె పాలికి వచ్చుట మనము ఎన్ని యిండ్లలో చూడలేదు? ఒకరి భోగమునకు మరియొకరి సొత్తు అమ్ముడుపోవుట యనునది కాస్పియను తీరమున పుట్టిన వింత కాదని ఈ సామెత తెలుపుచున్నది. అచ్చట పుట్టనివారి సొత్తు. ఇచ్చట పలుకనివారి సొత్తు. రెండుచోట్లను అడుగబడనివారే వెల యిచ్చుచున్నారు.

ఈ జాడ్యము చేపలతో నాగిపోవుట లేదు. మన వివాహములలో విస్తరిమీది పదార్థములను లెక్కపెట్టి కుటుంబగౌరవమును నిర్ణయించు నలవాటు ఏటేట పెరుగుచున్నది. ఈ ఋతువున దొరకని పండు, ఈ దేశమున పండని కాయ, ఎన్నడును వినని పేరుగల కూర వడ్డింపబడినచో విందు గొప్పది. వానిలో సగము ఆకులతో లేచిపోవును. వడ్డించినవాడు అప్పు తీర్చుచుండును. తిన్నవాడు తన యింటి పెండ్లికి అంతకు మించినది యెక్కడ దొరకునాయని వెదకుచుండును. ఎవరికిని రుచి జ్ఞాపకముండదు. లెక్క మాత్రము జ్ఞాపకముండును. కేవియరు డబ్బా మన పంక్తికి రాకపోయినను కేవియరు బుద్ధి వచ్చిచేరినది.

దీనికి చట్టములవలన కొంత ప్రయోజనము కలదు. గ్రుడ్లు పెట్టు దినములలో వల వేయరాదను నియమమును, చిన్నకన్నుల వలలకు నిషేధమును ప్రభుత్వము అమలుజరుపవలెను. ఆ దినములలో పల్లెకారికి జీవనాధారము చూపుటయు ప్రభుత్వధర్మమే. ఆకలిగొన్నవానికి నీతిబోధ చేయుట మాకు సమ్మతము కాదు. కాని వేలముపాటలో వెల పెంచువాడు ఆకలిగొన్నవాడు కాడు. వాని చేతిని ఆపవలసినది చట్టము కాదు, ఇంటిలోని మాట. గృహిణులును, చదువుకొన్న యువకులును ఏదేని యపురూపపదార్థము ఇంటికి వచ్చునప్పుడు ఈ మాత్రము అడుగుట నేర్తురేని చాలును. ఇది యందరి యిండ్లలోను దొరకునదైనచో మనము దీనిని ఇష్టపడుదుమా? మనము తిన్నపిమ్మట ఇది మరల పుట్టుటకు వీలున్నదా? దీని వెల నిజముగా ఎవరు చెల్లించుచున్నారు, వారికి ఈ పంక్తిలో చోటున్నదా?

ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము దొరకిన పదార్థమును, అది చేపగ్రుడ్డైనను చింతచిగురైనను, సంతోషముగా భుజింపవచ్చును. దొరకనిచో, ఆ పూట మన నాలుకకు కలుగు నష్టము స్వల్పము. చింతచిగురు పప్పులో వేసికొని తిన్నను భోజనము ముగియును. వరదనీటికి ఎదురీదుచున్న చేప, కడుపులోని భారముతో, తాను చేరవలసిన యిసుకతిన్నెకు చేరును.